లోట్షెన్‌టాల్ లోయలో చలికాలం: రోడ్డు మూసేలోపే చేసుకోవాల్సిన పనులు

స్విట్జర్లాండ్‌లోని వాలే రాష్ట్రంలో ఉన్న ఈ లోయకు బండి వెళ్లే దారి ఒక్కటే. గోపెన్‌స్టైన్ స్టేషన్ నుంచి ఫెర్డెన్, కిపెల్, వీలర్ ఊళ్ల మీదుగా సాగుతుంది. మంచు బాగా కురిస్తే మంచుచరియలు విరిగిపడతాయని దాన్ని మూసేస్తారు. 1999 ఫిబ్రవరిలో రోజుల తరబడి రాకపోకలు తెగిపోయాయి. అలాంటప్పుడు సరుకుల కోసం గడప దాటే అవసరమే రాకూడదు.

మనిషికి 9 లీటర్ల నీళ్లు, వారానికి సరిపడా తిండి ఉంచుకోమని అక్కడి ప్రభుత్వం చెబుతుంది. బీపీ, షుగర్ మాత్రలు ఇంకా ఎక్కువ రోజులకే తెచ్చుకోండి. బియ్యం, పప్పు ఎంత ఉన్నా కరెంటు పోతే ఇండక్షన్ పొయ్యి పనిచేయదు. అటుకులు, బ్రెడ్డు, చీజ్ లాంటివి తప్పనిసరి.

చాలామంది పట్టించుకోనిది పొగగొట్టం. కట్టెల పొయ్యి వెలిగించే ముందు గొట్టం మూతినీ, గాలి వచ్చే రంధ్రాలనూ మంచు కప్పేసిందేమో చూడాలి. కప్పేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోనే చేరుతుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, వికారంగా మొదలై స్పృహ పోతుంది. మంచులో దిగబడ్డ కారుదీ ఇదే ప్రమాదం: సైలెన్సర్ గొట్టం చుట్టూ తవ్వకుండా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు.

మంచుచరియల హెచ్చరిక ఉన్న రోజుల్లో కొండవైపు కిటికీల తలుపులు మూసి, లోయవైపు గదుల్లోనే పడుకోండి.

ఇక నడకకో, స్కీయింగ్‌కో వెళ్లేవాళ్లకు. దావోస్‌లోని మంచు, మంచుచరియల పరిశోధన సంస్థ ఎస్‌ఎల్‌ఎఫ్ చలికాలంలో సాయంత్రం 5కు, ఉదయం 8కి మంచుచరియల బులెటిన్ ఇస్తుంది. ప్రమాద స్థాయిలు 5. మూడంటే మధ్యస్థమేలే అనుకోవడం పెద్ద పొరపాటు. మరణాలు ఎక్కువగా జరిగేది ఆ స్థాయిలోనే. 30 డిగ్రీలు దాటిన వాలు ఎక్కడమే కాదు, దాని కింద నిలబడటమూ ప్రమాదమే. గాలితో కురిసిన మంచు ఆగాక వచ్చే మొదటి ఎండరోజు ఊరిస్తుంది కానీ, గాలి పోగేసిన మంచు అప్పటికింకా గట్టిపడి ఉండదు.

ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్స్‌సీవర్ (మంచులో కూరుకుపోయినవాళ్లు ఎక్కడున్నారో సిగ్నల్‌తో తెలిపే పరికరం), ప్రోబ్ కర్ర (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ఉండాలి. కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం సుమారు 10 నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. అందుకే పక్కనున్నవాళ్లే తవ్వాలి. వెతికేటప్పుడు ఫోన్ ట్రాన్స్‌సీవర్‌కు కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, లేకపోతే సిగ్నల్ తప్పుదారి పట్టిస్తుంది. వాలేలో సహాయానికి 144.

ఇల్లు ఖాళీ చేయమంటే వాదించొద్దు. 2025 మే 28న హిమానీనదం కూలి ఈ లోయలోనే ఉన్న బ్లాటెన్ ఊరిని చాలావరకు పూడ్చేసింది. సుమారు 300 మందిని మే 19నే తరలించడం వల్లే అంతమంది ప్రాణాలు దక్కాయి. పాస్‌పోర్టులు, రెసిడెన్స్ పర్మిట్, మందులు, ఛార్జర్, టార్చి ఒకే సంచిలో సర్ది తలుపు దగ్గర ఉంచండి.