పాత ట్రాక్టర్‌తో పత్తి లోడు: బయలుదేరే ముందు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లేవాళ్లు ముందురోజు రాత్రే బండి చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం ట్రాలీని ట్రాక్టర్‌కు కలిపే పిన్ను, అది అరిగిందా, కింద లాక్ ఉందా చూడాలి, తీగ చుట్టి సరిపెట్టుకోవద్దు. రోడ్డెక్కే ముందు రెండు బ్రేక్ పెడళ్లనూ కలిపి లాక్ చేయండి, లేకపోతే ఒక పక్క చక్రమే పట్టి బండి అటు లాగేస్తుంది, వెనక లోడుంటే తిరగబడొచ్చు కూడా. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు కదా, అందుకే దిగుడులో న్యూట్రల్ వద్దు, ముందే చిన్న గేరు వేయండి.

చలికాలం తెల్లవారుజామున పొగమంచుంటుంది, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు తుడవండి. పత్తిపై పట్టా తప్పనిసరి, తేమ 12 శాతం దాటితే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు. లోడు మీద మనుషుల్ని అసలు ఎక్కించొద్దు, పిల్లలు ఎంత ఏడ్చినా సరే.