గిటార్‌ని స-ప-స-ప-స-గ లోకి దింపడం ఎలా

మామూలు శ్రుతిలో గిటార్ ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) ఇ స్వరం (82.4 హెర్ట్జ్) దగ్గర ఆగుతుంది. దాన్ని సి (65.4 హెర్ట్జ్) దాకా దించి మిగతా తీగల్ని దానికి సర్దితే ఓపెన్ సి ట్యూనింగ్ వస్తుంది. లావు తీగ నుంచి సన్నతీగ వరకు వరుసగా సి-జి-సి-జి-సి-ఇ. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది ఒకటో శ్రుతిలో, అంటే సి ని షడ్జంగా పెట్టుకుంటే, స-ప-స-ప-స-గ, అంతే. ఎడమచేయి పెట్టకుండా మీటినా తంబురాకి అంతర గాంధారం (ఇక్కడి ఇ) కలిపినట్టు మోగుతుంది.

అందరూ తొందరపడేది తీగల దగ్గరే. ఉన్న తీగల్నే వదులు చేస్తే పని జరగదు. పొడవు మారకుండా స్వరం దించితే బిగువు ఆ నిష్పత్తికి వర్గంగా పడిపోతుంది; ఇ నుంచి సి కి దింపిన తీగలో మిగిలేది 63 శాతమే. బెజవాడలోనో గుంటూరులోనో కొన్న గిటార్ మీద 10 సెట్ (సన్నతీగ మందం అంగుళంలో వెయ్యోవంతులు పది) ఉంటే ఇంకా కష్టం. ఆ సన్నటి ఆరో తీగ ఫ్రెట్లకి (మెడ మీది లోహపు మెట్లకి) కొట్టుకుని గరగరలాడుతుంది. మీటిన క్షణాన స్వరం పైకి ఎగిరి తర్వాత కిందికి జారుతుంది. వేలు కాస్త గట్టిగా నొక్కితే అపస్వరం.

కాబట్టి 12-53 సెట్ ఒకటి, 13-56 సెట్ ఒకటి కొనండి (అంకెలు సన్నతీగ, లావు తీగల మందాలు). మొదటి మూడు తీగలు 12 సెట్‌వి (12, 16, 24) వేసి, నాలుగు, ఐదు 13 సెట్‌వి (35, 45) వేయండి. ఆరో దానికి 62 లేదా 64 గేజ్ (మందం) తీగ విడిగా కావాలి. ఇది మామూలు షాపులో దొరక్కపోవచ్చు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఎక్కడ కొన్నా ఎకూస్టిక్ గిటార్ తీగేనని చూసుకోండి. 64 వేస్తే బిగువు మామూలు 53 తీగకి 90 శాతం దాకా తిరిగొస్తుంది, మెడ కూడా పెద్దగా కదలదు. నైలాన్ తీగల గిటార్‌కి మాత్రం ఈ స్టీల్ సెట్లు వేయకండి, బ్రిడ్జ్ (డొప్ప మీద తీగల్ని పట్టి ఉంచే చెక్క) ఊడొస్తుంది.

64 తీగ మందం 1.63 మి.మీ., 53 తీగది 1.35. పాత నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో లావు తీగ పూర్తిగా దిగదు. బిరడా తిప్పుతుంటే "టిక్" మని ఎగిరి స్వరం దాటిపోతోందంటే అక్కడ ఇరుక్కుంటోందని అర్థం. గాడిని పక్కలకే వెడల్పు చేయాలి, లోతు పెంచకూడదు. లోతు పెరిగితే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి రొద చేస్తుంది, ఇక నట్ మార్చుకోవడమే. గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ కాస్త రుద్దితే తీగ సాఫీగా జారుతుంది. తీగ బిరడా రంధ్రంలో దూరుతుందో లేదో బిగించేముందే చూసుకోండి.

శ్రుతి చేసేటప్పుడు ముందు ఆరో తీగ సి కి దించండి. తర్వాత ఐదోది ఎ నుంచి జి కి, నాలుగోది డి నుంచి సి కి. ఆ మూడూ దిగాకే రెండో తీగని బి నుంచి సి కి అర స్వరం పెంచండి. మూడోది, ఒకటోది కదపక్కర్లేదు గానీ, మిగతావి మారేసరికి మెడ కొద్దిగా కదిలి అవీ తప్పుతాయి; మొత్తం వరుస రెండు మూడు సార్లు తిరగాల్సిందే. స్వరం దాటి కిందికి దించి, మళ్లీ పైకి బిగిస్తూ ఆపండి. ఫోన్ ట్యూనర్ 65 హెర్ట్జ్‌ని సరిగా పట్టకపోతే 12వ ఫ్రెట్ మీద వేలు తాకీ తాకకుండా పెట్టి మీటండి, పై సి మోగుతుంది, అది చూసి సరిచేయండి. మీటిన వెంటనే కనిపించే అంకెని నమ్మొద్దు, నాదం నిలబడ్డాక చూడండి.

ట్యూనర్ లేకుండా సరిచూడాలంటే: ఆరో తీగ 7వ ఫ్రెట్ ఐదో తీగతో, ఐదోది 5వ ఫ్రెట్‌లో నాలుగోదానితో, నాలుగోది 7లో మూడోదానితో, మూడోది 5లో రెండోదానితో, రెండోది 4లో ఒకటోదానితో కలవాలి.

చెవి ఉన్నవాళ్లు ఒకటో తీగని ట్యూనర్ చూపిన దానికన్నా ఓ 14 సెంట్లు (అర స్వరంలో నూరోవంతు ఒక సెంటు) దించుకోవచ్చు, శుద్ధమైన అంతర గాంధారం అక్కడే ఉంది. అయితే ఆ తీగ మీద వేళ్లు పెట్టి వాయించే స్వరాలన్నీ అంతే దిగుతాయి. ఖాళీగా మోగించడానికే వాడేటప్పుడు మాత్రం దించండి.

వాయించడానికి సులువైన దారి: బొటనవేలు ఆరు, నాలుగు తీగల మీద మార్చి మార్చి, చూపుడువేలితో రెండో తీగ మీద రాగం. మోహనానికి ఫ్రెట్లు 0 (ఖాళీ తీగ), 2, 4, 7, 9, 12. హంసధ్వనికి 9 బదులు 11. మాయామాళవగౌళకి 0, 1, 4, 5, 7, 8, 11, 12. సరళీ వరుసలు ఇందులోనే మొదలుపెట్టండి. తోడి, ఖరహరప్రియలకి ఒకటో తీగని అర స్వరం దించి సాధారణ గాంధారం చేయాలి. హిందోళంలో పంచమమే లేదు కాబట్టి జి తీగలు రెండూ గొంతుకి అడ్డం పడతాయి. వాటిని ఎఫ్‌కి, ఒకటోదాన్ని ఇ-ఫ్లాట్‌కి దించి స-మ-స-మ-స-గ చేయండి.

కార్డులు కావాలంటే 5వ ఫ్రెట్‌లో అడ్డంగా ఒకే వేలు వేస్తే ఎఫ్, 7లో జి. ఐదో, మూడో తీగల్ని మాత్రం 2వ ఫ్రెట్‌లో నొక్కి ఆరోదాన్ని వదిలేస్తే ఎ-మైనర్.

కేపో (మెడకి అడ్డంగా బిగించే క్లిప్పు) 2లో పెడితే రెండో శ్రుతి, 4లో పెడితే మూడోది. కేపో వేశాక లావు తీగ కొద్దిగా పైకి లేస్తుంది, మళ్లీ సరిచేసుకోవాలి. ఐదో శ్రుతిలో పాడే ఆడగొంతుకి మాత్రం ఇది నప్పదు. కేపో 7కి వెళ్తే మంద్రం పోయినట్టే. దానికి డి-జి-డి-జి-బి-డి మేలు.

మే నెలలో ఏసీ గదిలోంచి బెజవాడ ఎండలోకి తీసుకెళ్తే స్టీల్ తీగ సాగి స్వరం దిగుతుంది. బయట ఓ పావుగంట ఉంచాక శ్రుతి చేయండి. గిటార్‌ని పార్క్ చేసిన కారులో వదిలితే బ్రిడ్జ్ జిగురే మెత్తబడొచ్చు.

ఇంకా లోతుకి, ఎ (55 హెర్ట్జ్) దాకా వెళ్లాలంటే ఆరో తీగ 80 గేజ్ దగ్గర ఉండాలి. తీగ పొడవు 648 మి.మీ. ఉండే మామూలు గిటార్‌లో అంత లావు తీగ బిరుసుగా, మొద్దుగా పలుకుతుంది. పైగా గిటార్ డొప్పలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర స్పందిస్తుంది, దాని కింది మూలస్వరం బలంగా బయటికి రాదు. మనకి వినపడేది ఎక్కువగా పై అనుస్వరాలే (ఓవర్‌టోన్లు). ఆ లోతు నిజంగా కావాలంటే 690 మి.మీ. పైన పొడవున్న బారిటోన్ గిటార్ చూసుకోండి.