గుచ్ఛం కేంద్రం వద్ద తగ్గిన కటక సంకేతాన్ని సరిచేసిన విధానం

ఒక సుదూర గెలాక్సీ గుచ్ఛం ద్రవ్యరాశిని బలహీన గురుత్వ కటక పద్ధతిలో (గుచ్ఛం గురుత్వం వెనుక ఉన్న గెలాక్సీల కాంతిని వంచి వాటి ఆకారాలను కొద్దిగా సాగదీయడాన్ని కొలిచి) లెక్కిస్తున్నప్పుడు, కేంద్రానికి చేరువయ్యే కొద్దీ పెరగవలసిన షియర్ (ఆ సాగుదల కొలత) దాదాపు చదునుగా ఉండిపోయింది. అందువల్ల ఎన్‌ఎఫ్‌డబ్ల్యు నమూనా (గుచ్ఛంలో ద్రవ్యరాశి కేంద్రం నుంచి బయటికి ఎలా పరచుకుంటుందో చెప్పే సూత్రం) ఇచ్చిన ద్రవ్యరాశి, ఎక్స్‌రే వెలువరించే గుచ్ఛంలోని వేడి వాయువు ఉష్ణోగ్రత సూచించే దానికన్నా బాగా తక్కువగా తేలింది.

టెలిస్కోపు, వాతావరణం చిత్రంలో కలిగించే వక్రీకరణకు నక్షత్రాల ఆకారాల ఆధారంగా చేసిన సవరణను మొదట అనుమానించాను. అయితే గెలాక్సీల ఆకారాలను 45 డిగ్రీలు తిప్పి లెక్కించిన షియర్ సున్నా దగ్గరే నిలిచింది; సవరణలో లోపం ఉంటే సాధారణంగా అక్కడ సంకేతం కనిపించాలి. ఇంత తేలికైన పరీక్షను ఎవరూ వదులుకోకూడదని నా అభిప్రాయం.

అసలు ఆధారం గెలాక్సీల సాంద్రతలో దొరికింది. నేపథ్యానివిగా ఎంచుకున్న గెలాక్సీలు కేంద్రం వైపు ఎక్కువవుతున్నాయి. నిజంగా గుచ్ఛం వెనుక ఎంతో దూరాన ఉన్నవైతే అవి దాని చుట్టూ అలా గుమిగూడవు. కేవలం ప్రకాశాన్ని బట్టి చేసిన ఎంపికలోకి గుచ్ఛానికే చెందిన మసక గెలాక్సీలు చొరబడ్డాయి, వాటిపై కటక ప్రభావం ఉండదు కనుక పాలలో నీళ్ళలా సగటును పలచన చేశాయి.

అనేక రంగుల ఫిల్టర్లతో అంచనా వేసిన, దూరాన్ని సూచించే రెడ్‌షిఫ్ట్ గుచ్ఛం రెడ్‌షిఫ్ట్ కన్నా కనీసం 0.2 ఎక్కువ ఉన్నవాటినే ఉంచి, మిగిలిన గెలాక్సీల దూరాల పంపిణీతో సందిగ్ధ ఉపరితల సాంద్రతను (షియర్‌ను ద్రవ్యరాశిగా మార్చే, దూరాలపై ఆధారపడే గుణకాన్ని) తిరిగి లెక్కించాను, కేంద్రం నుంచి 0.5 మెగాపార్సెక్‌ల (సుమారు 16 లక్షల కాంతి సంవత్సరాల) లోపలి భాగాన్ని నమూనా నుంచి మినహాయించాను. గెలాక్సీలు తగ్గడంతో గణాంక దోషం పెరిగింది, ఎందుకంటే షియర్ కొన్ని శాతాలే అయితే ఒక్కొక్క గెలాక్సీ సహజ దీర్ఘవృత్తత వ్యాప్తి 0.3 వరకు ఉంటుంది. అయినా షియర్ ఆశించినట్లు పెరిగింది, ద్రవ్యరాశి ఎక్స్‌రే విలువతో దోష పరిధిలో కలిసింది.