విద్యార్థులకు వసతి, స్థానికులకు ఇళ్లు: నగరంలో రెండింటికీ చోటు కల్పించడం ఎలా?

కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యే ముందు, యూనివర్సిటీ చుట్టుపక్కల వీధుల్లో ఒకే ఇంటి కోసం ఇద్దరు వస్తుంటారు. ఒకరు అక్కడే ఏళ్లుగా అద్దెకుంటున్న కుటుంబం. ఇంకొకరు ఊరికి కొత్తగా వచ్చిన నలుగురు విద్యార్థులు. నలుగురూ తలా కొంత వేసుకుంటే, ఒక్క జీతంతో బతికే కుటుంబం ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువే అవుతుంది. ఇల్లు ఎవరికి దక్కుతుందో చెప్పనక్కర్లేదు. అలాగని ఆ నలుగురూ సుఖంగా ఉన్నారని కాదు. చాలాసార్లు అది ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపిన డబ్బే.

సీట్లు పెంచే నిర్ణయం ఒకచోట, ఇళ్లు కట్టే నిర్ణయం మరోచోట జరిగినంత కాలం ఈ పోటీ తగ్గదు. ఆ రెండింటినీ ఒకచోటికి తేవడానికి నగరపాలక సంస్థ, యూనివర్సిటీ, స్థానికుల సంఘాలు, విద్యార్థి సంఘాలు కలిసి చేయాల్సిన పనులు ఇవి.

1. ముందు మంచాల లెక్క తీయండి

పూర్తికాలం చదివే విద్యార్థులు ఎంతమంది? వాళ్లలో సొంత ఇంటి నుంచే వచ్చిపోయేవాళ్లను, దూరవిద్యలో ఉన్నవాళ్లను తీసేయండి. మిగిలినవాళ్లకు హాస్టల్ మంచాలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఉదాహరణకు, 20,000 మంది విద్యార్థుల్లో 6,000 మంది సొంత ఇళ్లలో, 5,000 మంది హాస్టళ్లలో ఉన్నారనుకుందాం. ఇంకా 9,000 మంది ఊళ్లోని మామూలు ఇళ్లలో ఉన్నట్టు. ఇంటికి నలుగురు చొప్పున లెక్కేస్తే అవి 2,250 ఇళ్లు. ఈ ఒక్క అంకె బల్ల మీద పెడితే, అప్పటిదాకా కోపంగా సాగిన మాటలు పని మీదికి వస్తాయి.

అంకె ఒక్కటే సరిపోదు. మొదటి ఏడాది పిల్లలకు క్యాంపస్ దగ్గర గది కావాలి. పెళ్లయి పిల్లలున్న పరిశోధక విద్యార్థికి ఒంటరి గది పనికిరాదు, చిన్న ఇల్లే కావాలి. ఎవరికి ఏది కావాలో విడివిడిగా రాసుకోండి.

2. సీట్లు, మంచాలు ఒకే సమావేశంలో తేల్చండి

రాబోయే ఐదేళ్లలో ఎన్ని సీట్లు పెంచుతారో యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. కొత్త సీట్లకు తగ్గ మంచాలు ఎప్పటికి సిద్ధమవుతాయో అదే కాగితంలో ఉండాలి. ఇది ముందే జరగకపోతే ఏమవుతుందో 2022లో అమెరికాలోని బర్క్‌లీలో చూశాం. యూనివర్సిటీ విస్తరణ మీద స్థానికులు వేసిన కేసులో కోర్టు ప్రవేశాల సంఖ్యకు కళ్లెం వేసింది. చివరికి కాలిఫోర్నియా చట్టసభ హడావుడిగా చట్టం మార్చి ఆ ఏడాది సీట్లు కాపాడింది. సీటు వస్తుందో రాదో తెలియని పిల్లలు ఆ నెలల్లో పడిన టెన్షన్‌కు ఎవరు జవాబు చెప్పాలి?

3. స్థలం ఎంపిక

క్యాంపస్ సొంత ఖాళీ స్థలం, పార్కింగ్ మైదానాలు, బస్సు, రైలు మార్గాల పక్కన వాడకంలో లేని ఆఫీసు భవనాలు ముందు చూడండి. తక్కువ అద్దెకు జనం ఉంటున్న ఇళ్లు కూల్చి హాస్టల్ కట్టే ప్రతిపాదనను ఒప్పుకోవద్దు. తప్పనిసరైతే, అన్ని ఇళ్లూ అంతే అద్దెకు మళ్లీ కట్టించాలి. కొన్నేళ్ల పాటు ఖాళీగా ఉండే భూమినీ వదలొద్దు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కేట్‌వోనెన్ అనే చోట దాదాపు వెయ్యి కంటైనర్ గదులతో విద్యార్థుల వసతి కట్టారు.

4. అనుమతిలోనే షరతులు పెట్టండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఖరీదైన చిన్న గదులు కడితే ఎక్కువ అద్దె వస్తుంది కాబట్టి బిల్డర్ వాటి వైపే మొగ్గుతాడు. ఆ అద్దె కట్టలేని విద్యార్థి పాత వీధిలోని ఇంట్లోనే ఉండిపోతాడు. కాగితం మీద మంచాలు పెరుగుతాయి గానీ, కుటుంబాలకు ఒక్క ఇల్లూ తిరిగి రాదు.

2021లో వచ్చిన లండన్ ప్లాన్, అంటే ఆ నగర అభివృద్ధి ప్రణాళిక, దీనికి ఒక దారి చూపింది. కట్టే గదుల్లో ఎక్కువ భాగం ఫలానా విద్యాసంస్థ విద్యార్థులకే ఇస్తామని బిల్డర్ ఆ సంస్థతో ముందే ఒప్పందం చేసుకోవాలి. 35 శాతం గదులు అందుబాటు అద్దెకు ఇస్తే అనుమతి దారి సులువవుతుంది. అందుబాటు అంటే ఎంతో బిల్డర్ ఇష్టానికి వదల్లేదు. విద్యార్థికి జీవన ఖర్చుల కోసం దొరికే గరిష్ఠ రుణంలో ఏడాది అద్దె 55 శాతం దాటకూడదు. విద్యార్థి చేతికొచ్చే డబ్బుతో అద్దెను ముడిపెట్టడం చాలా సరైన పని.

అదే ప్రణాళికలో, నగరంలో కొత్తగా వచ్చే ఇళ్లను లెక్కించేటప్పుడు రెండున్నర విద్యార్థి మంచాలను ఒక ఇంటితో సమానంగా లెక్కిస్తారు. మీ నగరంలో ఇలాంటి లెక్క పెట్టుకుంటే ఒక జాగ్రత్త తీసుకోండి. హాస్టల్ నిండిన ఏడాది తర్వాత, చుట్టుపక్కల వీధుల్లో నిజంగా ఎన్ని ఇళ్లు కుటుంబాలకు తిరిగి వచ్చాయో తిరిగి చూడండి.

5. ఇళ్లు హాస్టళ్లుగా మారడానికి హద్దు

ఇంగ్లండ్‌లో కుటుంబం ఉండే ఇంటిని, బంధుత్వం లేని ముగ్గురి నుంచి ఆరుగురి దాకా కలిసి ఉండే ఇల్లుగా మార్చడానికి మామూలుగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. ఆ మినహాయింపును తీసేస్తూ స్థానిక పాలక సంస్థ ఆర్టికల్ 4 ఆదేశం ఇచ్చిన చోట మాత్రం అనుమతి తప్పనిసరి. పోర్ట్స్‌మత్‌లో 50 మీటర్ల వ్యాసార్థంలో ఇలాంటి ఇళ్లు 10 శాతం దాటకూడదన్న కొలత పెట్టుకున్నారు. ఈ పద్ధతి నాకు నచ్చింది, ఎందుకంటే ఇది ఇళ్లను లెక్కపెడుతుంది. ఎవరింట్లో ఎంతమంది విద్యార్థులున్నారని తలుపులు కొట్టి లెక్కపెట్టడం వాళ్లకు అవమానం, అధికారులకు అసాధ్యం.

అయితే వరస తప్పొద్దు. కొత్త మంచాలు లేకుండా హద్దు పెడితే విద్యార్థులు ఇంకా దూరం వీధులకు, ఇంకా ఇరుకు గదులకు వెళ్తారు. ముందు కట్టండి, తర్వాత హద్దు పెట్టండి.

6. చదువు అయ్యాక గది ఖాళీ కావాలి

నెదర్లాండ్స్‌లో విద్యార్థి గదులకు క్యాంపస్ కాంట్రాక్ట్ అనే అద్దె ఒప్పందం ఉంది. చదువు పూర్తయ్యాక ఆరు నెలల్లో గది ఖాళీ చేయాలి. దీంతో పాటు, పాస్ అయి ఊళ్లోనే ఉద్యోగం చేసుకునేవాళ్లు వెళ్లడానికి చిన్న అద్దె ఇళ్లు కూడా ఉండాలి.

7. మార్చుకునేలా కట్టించండి

విద్యార్థుల సంఖ్య ఎప్పుడూ ఒకేలా ఉండదు. గదుల మధ్య గోడలు భవనం బరువు మోయనివిగా ఉండి, నీళ్ల పైపులు, వంటగది ఏర్పాట్లు తగినట్టు ఉంటే, రేపు మూడు గదులు కలిపి ఒక కుటుంబానికి ఇల్లు చేయొచ్చు. ఇది నక్షా దశలోనే అడగాలి.

8. ఏటా ఒకసారి లెక్క చూపండి

ప్రవేశాల ప్రకటన రాకముందే, ఆ ఏడాది మంచాల లెక్కను, సగటు అద్దెను, కుటుంబాలకు తిరిగొచ్చిన ఇళ్ల సంఖ్యను అందరికీ కనిపించేలా పెట్టండి. రాత్రి గోల మీద ఫిర్యాదు చేయడానికి ప్రతి హాస్టల్‌లో ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి. గదులు మారే వారంలో చెత్త బండ్లు అదనంగా తిరగాలి. లోటు ఇంకా మిగిలే ఉంటే, ఆ ఏడాది సీట్ల పెంపు ఎంతవరకు ఆపాలో అదే సమావేశంలో, విద్యార్థి ప్రతినిధులు, అద్దెకుంటున్నవాళ్లు ఎదురుగా ఉండగానే తేల్చండి.