వీలునామా పనికి వకీలును ఎంచుకున్న తీరు

నాన్నగారి వీలునామా, హైదరాబాద్‌లో ఇల్లు, నామినీ లేని బ్యాంకు డిపాజిట్లు. మాకు దారి చూపింది ఒకే ప్రశ్న: ఏ ఆస్తికి ఏ కాగితం కావాలి? వకీలును ముందు ఇదే అడగండి.

అన్నిటికీ ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కావాలన్న వకీళ్లను వదిలేశాం. హిందువు ఇక్కడ రాసి, ఇక్కడి ఆస్తికే పరిమితమైన వీలునామాకు అది తప్పనిసరి కాదు. డిపాజిట్లకు జిల్లా కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్ (చనిపోయినవారికి రావలసిన డబ్బు తీసుకునే అధికారమిచ్చే పత్రం) అడగవచ్చు, స్థిరాస్తికి అది పనికిరాదు. చిన్న మొత్తమైతే ఇండెమ్నిటీ బాండుతో (తర్వాత ఇంకెవరైనా హక్కు అడిగితే నష్టం మేమే భరిస్తామనే హామీపత్రం) బ్యాంకే డబ్బు ఇస్తుంది, కాబట్టి మేనేజరును ముందే కలవండి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వారసులెవరో చెబుతుంది గానీ వాటాలు తేల్చదు.

అసలు పరీక్ష సాక్షుల దగ్గరే. మంచి వకీలు ఆస్తి విలువ కంటే ముందు, సంతకం పెట్టిన ఇద్దరు సాక్షులు ఉన్నారా, ఎక్కడున్నారు అని అడుగుతారు. వివాదమొస్తే వాళ్లలో కనీసం ఒకరు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఇద్దరూ పోయుంటే ఒక సాక్షి చేతిరాతనూ, వీలునామా రాసినవారి సంతకాన్నీ గుర్తుపట్టే మనిషి కావాలి. రిజిస్టరైన వీలునామాకూ ఈ రుజువు తప్పదు. ‘రిజిస్టర్ అయింది, చాలు’ అనేవారిని నమ్మకండి, దయచేసి.

ఫీజును పిటిషన్, పత్రికా ప్రకటన, సాక్ష్యం, ఆర్డరు అని దశలవారీగా రాయించుకోండి. కోర్టు ఫీజు వేరు. ఆస్తిలో శాతం అడగడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అసలు వీలునామాను కోర్టులో దాఖలు చేసేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.