స్టేజీ ఎక్కే మనసు – 4వ పాఠం: స్టెప్పు తప్పాక రెండు కౌంట్లు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనుకుంటాను. మామూలు రోజుల్లో మీకు ఎంత కంగారు ఉంటుందో, స్టేజీ ఎక్కే పూట ఎంత ఉంటుందో విడివిడిగా రాయమన్నాను. మొదటిది స్వభావం, రెండోది ఆ పూట పరిస్థితి. ఈ రెంటినీ కలిపేసుకుంటే "నేను పిరికిదాన్ని" అనే ముద్ర ఒకటి మనమే వేసేసుకుంటాం. రాయనివాళ్ళు ముందు అది రాసి రండి.

ఇవాళ కంగారు జోలికి వెళ్ళను. స్టెప్పు తప్పిన తర్వాత ఏమవుతుందో చూద్దాం.

ఒడిశాలోని బరంపురంలో మా కాలనీ ఉగాది ప్రోగ్రాం. ఎనిమిదిమంది ఆడపిల్లలు, నాలుగైదు పాటల ముక్కలు కలిపిన నాలుగు నిమిషాల మెడ్లీ. నేను పక్క తెర వెనక నిలబడ్డాను. డాన్స్‌లో తాళాన్ని ఎనిమిదేసి దెబ్బలుగా లెక్కపెడతాం, ఒక్కో దెబ్బ ఒక కౌంటు. రెండో వరసలో చివరి గుంట ఆరో కౌంటుకి ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగింది. ముందు వరస అడ్డంగా ఉంది, జనంలో ఎవరికీ కనపడలేదు. నాకు మాత్రం దాని మొహం కనపడింది. చూపు నేలకి దిగిపోయింది, నాలుక పళ్ళ మధ్యకొచ్చింది, భుజాలు బిగుసుకుపోయాయి. అక్కణ్ణుంచి వరసగా మూడు ఎనిమిదులు పోయాయి. ఆఖరి ఫార్మేషన్‌లో తన చోటు ఖాళీ.

"ఎవలూ సూడలేదే" అన్నాను దిగాక.

"నాను సూసినాను కదా మేష్టారూ!"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటికెళ్ళి ఆలోచిస్తే తట్టింది. రిహార్సల్లో ఎవరు స్టెప్పు తప్పినా నేను పాట ఆపేసి మళ్ళీ మొదట్నుంచి పెట్టించేవాణ్ణి. మొదటి ముప్పై సెకన్లు ఆ పిల్లలు వందసార్లు చేసుంటారు. తప్పాక మళ్ళీ పాటలోకి ఎలా దూరాలో మాత్రం ఒక్కసారీ చేయలేదు. నేను చేయనివ్వలేదు.

ఏ లోపమూ ఉండకూడదనే ఈ గుణాన్ని అతిపట్టింపు (పర్ఫెక్షనిజం) అనుకుందాం. 1991లో హ్యూయిట్, ఫ్లెట్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీన్ని మూడు రకాలుగా విడదీశారు. నాలో లోపం ఉండకూడదనుకోవడం ఒకటి. పక్కవాళ్ళలో ఉండకూడదనుకోవడం రెండోది. నాలో లోపం ఉంటే జనం ఒప్పుకోరని నమ్మడం మూడోది. గ్రూప్ డాన్స్‌లో రెండో రకం మనిషిని ఇట్టే పట్టేయొచ్చు, తన స్టెప్పు వేస్తూనే పక్కమ్మాయి వైపు కళ్ళెర్రజేస్తుంది. మొదటి రకం హద్దులో ఉంటే నాకు అభ్యంతరం లేదు, రోజూ సాధన చేయించేది అదే. నేను చూసినంతలో ఎక్కువ పాడుచేసేది మూడోది. ముందు కుర్చీలో అమ్మ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ ఉంటుంది. ఆవిడ ముచ్చటపడి తీస్తోంది. పిల్లకి మాత్రం అది సాక్ష్యం పోగుచేస్తున్నట్టు ఉంటుంది.

మరి ఒక్క తప్పు వెనకే ఇంకో మూడు ఎందుకొస్తాయి? బాగా ఒంటబట్టిన స్టెప్పు మన ప్రమేయం లేకుండా నడుస్తుంది. తప్పగానే భయపడి దాని మీద కాపలా పెడతాం. మెట్లు దిగుతూ ఏ కాలు ఎక్కడ పడుతోందో చూసుకోండి, తడబడతారు. ఇదీ అంతే. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు ఈ ధ్యాస సంగతినే చాలా ఏళ్ళు పరీక్షించింది. ఒంటిమీద ధ్యాస కన్నా, ఆ కదలిక బయట కలిగించే ఫలితం మీద ధ్యాస ఉన్నప్పుడే పని సాఫీగా సాగుతుందని ఆమె ప్రయోగాలు ఎక్కువగా తేల్చాయి. "మోచెయ్యి ఎత్తు" అని మీకు మీరు చెప్పుకోకండి. "చున్నీ అంచు ఎదురుగోడకి తగలాలి" అనుకోండి. ఇప్పుడే లేచి రెండు రకాలుగానూ విసిరి చూడండి, నేను చెప్పేదానికన్నా చున్నీయే బాగా చెబుతుంది.

జనం ఎదురుగా ఉంటే బాగా వచ్చిన పని ఇంకా బాగా వస్తుంది, సరిగా రాని పని ఇంకా చెడుతుంది అని 1965లో రాబర్ట్ జయన్స్ అనే మనస్తత్వవేత్త వివరించాడు. అందుకే ముందురోజు నేర్పిన స్టెప్పు స్టేజీ ఎక్కించొద్దు. పిల్లలు బతిమాలతారు, ఒప్పుకోకండి.

మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరుగుతుంది కదా, వేషాలు కట్టినవాళ్ళని గమనించారా? మామూలప్పుడు నలుగురిలో నోరు విప్పని కుర్రాడు ఒంటికి పులిచారలు వేయించుకుంటే వీధంతా తనదే అన్నట్టు ఆడతాడు. నన్ను చూస్తున్నారనే ధ్యాస రంగు కింద దాగిపోతుంది కాబోలు. ఇది నా ఊహ మాత్రమే.

చీర్‌లీడింగ్‌కి వస్తే లెక్క మారుతుంది. మనవాళ్ళలో చాలామంది దీన్ని 2008లో ఐపీఎల్ మొదలయ్యాకే చూశారు, బౌండరీ పక్కన చేతుల్లో కుచ్చులు ఊపే ఆట అనుకుంటారు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1898లో ఇది మొదలైంది, అప్పట్లో అంతా మగవాళ్ళే. ఇప్పటి పోటీల్లో మనుషుల్ని పైకెత్తి నిలబెడతారు, గాల్లోకి విసిరి పట్టుకుంటారు. కింద మోసేవాళ్ళు బేస్‌లు, పైకెక్కేది ఫ్లయర్, వెనక కాచుకునేది స్పాటర్. మా గంజాం జిల్లా వైపు ఇలా మనుషులు ఒకరిమీద ఒకరు ఎక్కి నిలబడే పిరమిడ్లు కొత్తేం కాదు. 2009లో ఇండియాస్ గాట్ టాలెంట్ అనే టీవీ పోటీ గెలిచిన ప్రిన్స్ డాన్స్ గ్రూప్ బరంపురం వాళ్ళదే. కృష్ణమోహన్ రెడ్డి కట్టిన ఆ బృందంలో కూలిపనికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, అంగవైకల్యం ఉన్నవాళ్ళూ ఉన్నారు.

డాన్స్‌లో స్టెప్పు తప్పితే పరువు పోయిందనుకుంటాం. పిరమిడ్‌లో తప్పితే మెడకే ప్రమాదం. అందుకని ఈ పాఠంలోని అభ్యాసం నేలమీద వేసే స్టెప్పులకే. పైకెక్కేటప్పుడు భయమేస్తే దాన్ని అణచకండి. కింద మ్యాట్ లేదనో, బేస్ చేతులు తడిగా ఉన్నాయనో అది చెబుతుండొచ్చు. పైకి చెప్పి దిగిపోండి. సగం ఎక్కి సందేహించే ఫ్లయర్ కన్నా ఎక్కనని చెప్పే ఫ్లయరే జట్టుకి మేలు.

ఇక అభ్యాసం. మీకు బాగా వచ్చిన ఒక నిమిషం పాట తీసుకోండి. అద్దం మీద దుప్పటి కప్పేయండి. ఇంట్లో ఎవర్నైనా ఒక గిన్నె, గరిట ఇచ్చి కూర్చోబెట్టండి. వాళ్ళకి ఎప్పుడు తోస్తే అప్పుడు గిన్నె మీద కొడతారు. కొట్టగానే మీరు కావాలనే తప్పు స్టెప్పు వేయాలి. పాట ఆపకూడదు. తర్వాతి మొదటి కౌంటుకి నోటితో ఊపిరి వదిలేయండి, భుజాలు వాటంతటవే దిగుతాయి. రెండో కౌంటుకి మనసులో ఒక మాట అనుకుని, మూడో కౌంటుకల్లా పాటలో ఉండాలి. ఆ రెండు కౌంట్లూ కాళ్ళు ఊరికే తాళం వేస్తూ ఉంటే చాలు. మొహం నవ్వుతూ ఉండక్కర్లేదు, చూపు నేల మీదికి వెళ్ళకపోతే అదే గొప్ప.

ఆ మాట ఏదై ఉండాలి? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రిహార్సల్లో "ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్". మన పిల్లలకి మూడు భాషలు నోట్లో ఆడతాయి. పొయ్యి దగ్గర వేలు కాలితే ఏ భాషలో అరుస్తారో ఆ భాషలోంచి తీసుకోండి. ఉగాదినాడు తడబడిన ఆ పిల్ల "చాల్" అనే ఒడియా మాట ఎంచుకుంది, పద అని. నేను "సరే" పెట్టుకున్నాను. "తప్పకూడదు" లాంటి మాట పనికిరాదు, అందులో తప్పు మళ్ళీ గుర్తుకొస్తుంది.

రోజుకి పదిసార్లు, వారం రోజులు. పుస్తకంలో ఎన్ని తప్పులయ్యాయో రాయొద్దు. గిన్నె మోగాక ఎన్నో కౌంటుకి పాటలోకి వచ్చారో ఆ అంకె ఒక్కటే రాయండి. మొదటిరోజు ఎనిమిదో, పదహారో ఉండొచ్చు, నాకు పదకొండు వచ్చింది.

వచ్చే పాఠం కింద మోసేవాళ్ళ గురించి. దానికి మీతో కలిపి నలుగురు కావాలి, ఒక మందమైన పరుపు కావాలి. ఎవరింట్లో ఉందో ఇప్పుడే అడిగి ఉంచుకోండి.