నడుం పక్కకు వంగాలంటే ముందు పక్కటెముకలు కదలాలి

సికింద్రాబాద్ వారాసిగూడలో మా ఇంటి ముందు గదిలో 30 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. కొలతలు తీసేటప్పుడు ఎవరి భుజం జారి ఉందో నాకు ఇట్టే తెలిసిపోతుంది. రోజూ ఒకే భుజానికి బ్యాగు తగిలించుకుని సిటీ బస్సెక్కే ఉద్యోగస్తులు, బిడ్డను ఎప్పుడూ ఎడమ చంకనే వేసుకునే తల్లులు చాలామంది అలాగే ఉంటారు. నా ఒళ్లు సంగతి మాత్రం రెండేళ్ల కిందటి దాకా గమనించలేదు. ఒకరోజు కొలుచుకుంటే చంక కింది నుంచి నడుం దాకా కుడివైపు అరంగుళం తక్కువ వచ్చింది. మిషన్ ముందు రోజంతా కుడికి ఒరిగి కూర్చుంటానాయె.

కంగారుపడి నిలబడి బలవంతంగా పక్కకు వంగాను. నాలుగు రోజులు నడుం పట్టేసింది. మా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి అది చూసి, "ఆంటీ, లాగొద్దు, కూర్చునే చేద్దాం" అని ఈ కదలికలు నేర్పింది. వీటికి మూలం మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) పద్ధతి. ఆయన ఇంజినీరు, జూడో నేర్పినవాడు. మోకాలు దెబ్బతిన్నాక తన కదలికల్ని తానే గమనించుకుంటూ ఈ దారి పట్టాడు.

చేతులు లేని గట్టి కుర్చీ తీసుకోండి. సోఫా పనికిరాదు. ముందుకు జరిగి కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించండి. మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తుంటే పిర్రల కింద టవలు మడిచి వేసుకోండి.

ముందు కొలత. కుడిచెయ్యి వేలాడేసి, ఇబ్బంది లేనంత వరకే కుడికి ఒరగండి. మధ్యవేలి కొస నుంచి నేలకు ఎంత దూరముందో ఇంకొకరిని టేపు పెట్టి చూడమనండి. ఎడమ పక్కా అంతే. నాకు మొదటిరోజు కుడివైపు 7 అంగుళాలు, ఎడమవైపు 9 వచ్చింది. మా షాబాదు బండల మీద చాక్‌పీసుతో తేదీ కూడా రాసుకున్నాను.

ఇప్పుడు పిర్రల కింద తగిలే రెండు గట్టి ఎముకల్ని పట్టించుకోండి. బరువును మెల్లగా ఎడమ ఎముక మీదికి జరపండి. కుడి పిర్ర కాగితం పట్టేంత తేలిక పడితే చాలు, మళ్లీ మధ్యకు రండి. తల మధ్యలోనే ఉండనివ్వండి. కుడి అరచేతిని కుడి పక్కటెముకల మీద పెట్టుకుంటే, తుంటి పైకి వచ్చినప్పుడల్లా అవి దగ్గరకు ముడుచుకోవడం చేతికి తెలుస్తుంది. ఎడమ పక్క విచ్చుకుంటుంది. చీర కుచ్చిళ్లు ఒకవైపు పట్టుకుంటే రెండో వైపు విప్పారినట్టు. ఎనిమిదిసార్లు చేసి, వెనక్కి ఆనుకుని నిమిషం ఆగండి. ఆ నిమిషాన్ని దయచేసి వదిలేయకండి. తేడా తెలిసేది అప్పుడే.

తర్వాత కుడిచేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవి మీద వేయండి. తలను లాగకూడదు. తల, మోచెయ్యి రెండూ ఒకటే ముక్క అనుకుని మోచేతిని కొద్దిగా కుడి కిందికి దించండి. ఎడమ అరచెయ్యి ఎడమ పక్కటెముకల మీద ఉంచండి. ఒక్కో వైపు పన్నెండు ఎముకలుంటాయి, వాటి మధ్య కండరాలు ఊపిరి తీసినప్పుడూ పనిచేస్తాయి. అందుకే ఊపిరి బిగబట్టి వంగితే పక్కలు బిగుసుకుపోతాయి. ఊపిరి వదులుతూ దిగండి. వేళ్ల మధ్య ఎముకలు ఎడం అవడం తెలిసిందంటే సరిగ్గా చేస్తున్నట్టే. ఐదారుసార్లు చాలు.

ఇక రెండూ కలపండి. మోచెయ్యి కుడికి దిగేటప్పుడు బరువు ఎడమ ఎముక మీదికి వెళ్లాలి. నాకు ఇది కుదరడానికి మూడు రోజులు పట్టింది. కుదిరిన క్షణాన వంగుడంతా నడుం దగ్గర ఒక్కచోటే కాకుండా మెడ నుంచి తుంటి దాకా పంచుకున్నట్టు అనిపించింది.

రెండో వైపు వెంటనే మొదలుపెట్టకండి. కాసేపు కూర్చుని రెండు వైపులకీ తేడా చూడండి. తర్వాత ఎడమవైపు కదలికను మనసులోనే నాలుగుసార్లు ఊహించి, అప్పుడు చేయండి. మళ్లీ టేపు పెట్టండి. నాకు మొదటిరోజే ఎడమవైపు 9 కాస్తా 8కి వచ్చింది.

"ఇంత చిన్న కదలికతో ఏమవుతుంది?" అని మా వదిన అడిగింది. మిషన్ మీద సూది కింద పళ్లే గుడ్డను జరుపుతాయి. మనం తొందరపడి లాగితే కుట్టు వంకరపోతుంది, సూది విరుగుతుంది. ఒళ్లూ అంతే. ఎంత తక్కువ బలం పెడితే, ఎక్కడ బిగిసిందో అంత బాగా తెలుస్తుంది.

కాలికి తిమ్మిరి పాకుతున్నా, చురుక్కుమని నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేయండి. ఎముకలు గుల్లబారినవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడిగాకే చేయండి.

నేను పొద్దున మొదటి బ్లౌజు కత్తిరించే ముందు ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు ఇంకోసారి, పది నిమిషాలు చేస్తాను. స్టూలును కూడా సూదికి సరిగ్గా ఎదురుగా వచ్చేలా నాలుగంగుళాలు జరిపాను. కుడికి ఒరగకుండానే సూది కనిపిస్తోంది.